రోమ్ యాత్రలు నడిపేవాళ్ళకి ఒక రిటైర్డ్ నర్సు ఉత్తరం

యాత్రలకి తీసుకెళ్ళే ఫాదర్లందరికీ, టికెట్లూ వీసాలూ చూసే ఏజెంట్లకీ, విచారణల్లో, అంటే మన చర్చి పరిధుల్లో, పేర్లు రాసుకుని వాయిదాల్లో డబ్బులు కట్టించే పెద్దలకీ వందనాలు.

ముందే చెప్పేస్తున్నా, ఇది ఎవరి మీదా కంప్లైంటు కాదు. మమ్మల్ని తీసుకెళ్ళిన వాళ్ళు మంచోళ్ళే. అందరం ముసలాళ్ళమే, బీపీలూ షుగర్లూ, మూడోరోజుకే పెరుగన్నం పెరుగన్నం అని గోల, అయినా ఒక్కరిని కూడా విసుక్కోకుండా తీసుకెళ్ళి తీసుకొచ్చారు, ఆ పుణ్యం వాళ్ళదే. నా బాధంతా ఒక్క ఇరవై నిమిషాల గురించి. దాని గురించి వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు మొదలుపెట్టి, మధ్యలో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వులు పెడితే ఆపేశా. అందుకే ఇలా అందరికీ కనపడేలా రాస్తున్నా.

నేను 34 ఏళ్ళు ఒక మిషన్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేశా. లేబర్ రూమ్, జనరల్ వార్డు, చివర్లో కొన్నేళ్ళు వార్డ్ ఇన్‌ఛార్జి. రోమ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక, రిటైరైన డబ్బుల్లో కొంత తీసి వెళ్ళా. రెండోరోజు పునీత పేతురు గారి బసిలికా చూసి బయటికొచ్చాక మమ్మల్ని నడిపించుకుంటూ దగ్గర్లోనే ఉన్న ఇంకో గుడికి తీసుకెళ్ళారు, సాంతో స్పిరితో ఇన్ సాస్సియా అని. "దివ్య కారుణ్య పటం ఉంటుంది, పునీత ఫౌస్తీనమ్మ అవశేషాలు ఉంటాయి, దణ్ణం పెట్టుకుని ఫోటో దిగి వచ్చేయండి, ఇరవై నిమిషాలే, తర్వాత షాపింగ్" అన్నారు. దివ్య కారుణ్య పటం అంటే పోలండ్ సిస్టరు ఫౌస్తీనమ్మకి కనపడ్డట్టు వేసిన ప్రభువు బొమ్మ. మా గ్రూపులో ఒకావిడ అమాయకంగా "బయట ఆస్పత్రి బోర్డు ఉందేంటండీ" అనడిగితే, "అవునమ్మా, పక్కన ఏదో ఆస్పత్రి ఉంది" అన్నారు. అంతే. జపమాలల షాపులో మాత్రం గంటన్నర ఉన్నాం, నేనూ కొన్నాలెండి, అబద్ధం ఎందుకు.

ఆ "పక్కన ఏదో ఆస్పత్రి" అనే మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలా. ఎందుకంటే మా ట్రైనింగ్‌లో ఒక ముసలి సిస్టర్ గారు నర్సింగ్ చరిత్ర చెప్పేవారు, అందులో రోమ్‌లో పోపు గారు కట్టించిన ఆస్పత్రి, గోడలో చక్రం, పసిపిల్లలు, ఇవన్నీ విన్నా, పరీక్ష రాసి మర్చిపోయా. ఇది అదే కదా అని అప్పుడు వెలిగింది. చివరిరోజు పొద్దున ఫ్రీ టైం ఇచ్చారు కదా, అందరూ సూట్‌కేసులు సర్దుకుంటుంటే నేనూ ఇంకో రిటైర్డ్ టీచరమ్మా మళ్ళీ అక్కడికి వెళ్ళాం. లోపలి పాత వార్డు చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి, ఇక్కడినుంచే మా చెల్లెలి కూతురు ఫోన్లో చేసిపెట్టింది.

ఫాదర్ గారూ, ఆ గుడి పక్కన ఆస్పత్రి ఉండటం కాదండీ, ఆ గుడే ఆస్పత్రిది. ఎనిమిది వందల ఏళ్ళ పైనుంచి అక్కడ రోగుల్ని చూస్తున్నారు, ఇవాళ్టికీ క్యాజువాలిటీ నడుస్తోంది, మేము నిలబడి చూస్తుండగానే అంబులెన్సు వచ్చి ఆగింది. ఒక పక్క బస్సుల్లో వచ్చి ఫోటోలు దిగే మనం, ఒక పక్క స్ట్రెచర్ దించుతున్న వార్డుబాయ్.

సాస్సియా అంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలీదు. సాక్సన్లు, అంటే పాతకాలం ఇంగ్లీషువాళ్ళు. వెసెక్స్ రాజు ఐన్ అని ఒకాయన రాజ్యం వదిలేసి రోమ్ వచ్చేసి, తమ దేశంనుంచి వచ్చే యాత్రికులు దిగడానికి 727లో ఒక సత్రం లాంటిది పెట్టాడని చెప్తారు. దాని పక్కన మరియ తల్లి గుడి. అంటే ఆ చోటు మొదలైందే మనలాంటి యాత్రికుల కోసం, దూరదేశం నుంచి కాళ్ళు బొబ్బలెక్కి వచ్చినవాళ్ళ కోసం. వాటికన్ చుట్టుపక్కల పేటని బోర్గో అంటారే, ఆ మాట కూడా వాళ్ళు తమ వాడకి పెట్టుకున్న పేరు నుంచే వచ్చిందట. తర్వాత 847లో ఆ పేట అంతా కాలింది, వాటికన్ మ్యూజియంలో రఫాయేల్ గదుల్లో మనకి గబగబా చూపించారే మంటల బొమ్మ, అది ఆ అగ్నిప్రమాదమే. మన గైడు అక్కడ "ఫైర్, ఫైర్" అని ముందుకి తోశాడు, ఈ గుడికీ దానికీ లింకు ఉందని ఒక్క ముక్క అని ఉంటే ఎంత బాగుండేది.

ఆ పాడుబడ్డ చోట ఆస్పత్రి పెట్టింది మూడో ఇన్నొసెంట్ పోపు గారు, 1198 ప్రాంతంలో. దీని వెనక ఒక కథ చెప్తారు, టైబర్ నదిలో జాలర్లు వల వేస్తే చేపలకి బదులు చచ్చిపోయిన పసిగుడ్లు వచ్చాయని, వాటిని పోపు గారి ముందుకి తెచ్చి పెట్టారని, దేవదూత కలలో కనపడి ఆస్పత్రి కట్టమన్నాడని. ఎంత నిజమో దేవుడికే తెలియాలి. కానీ ఆ బొమ్మలు లోపల వార్డు గోడలమీద పైన వేసి ఉన్నాయి, వల పట్టుకున్న జాలర్లూ, పోపు గారి ముందు పిల్లల శవాలూ. లేబర్ రూమ్‌లో అన్నేళ్ళు చేసిన నాకు ఆ బొమ్మ ముందు నిలబడటం అంత తేలిక కాలేదు, ఎందుకో తర్వాత చెప్తా.

ఆస్పత్రి నడపడానికి ఫ్రాన్సులో మోంపెలియే అనే ఊరి నుంచి గీ అనే ఆయన్ని పిలిపించారు, ఆయన అప్పటికే పవిత్రాత్మ పేరుతో ఒక సభ పెట్టి రోగుల్ని చూస్తున్నాడు. 1204లో ఈ చోటు ఆ సభకి అప్పగించారు, గుడికీ ఆస్పత్రికీ పవిత్రాత్మ పేరు అలా వచ్చింది, సాంతో స్పిరితో అంటే పవిత్రాత్మే. అదే ఏడు ఇంగ్లండ్ రాజు జాన్ ఎసెక్స్‌లో రిటిల్ అనే ఊరి చర్చి ఆదాయం దీనికి రాసిచ్చాడు, మన దగ్గర గుడికి మాన్యం రాసినట్టు. వాళ్ళ నియమావళిలో రెండు సంగతులు వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వారానికి ఒకరోజు సభవాళ్ళు వీధుల్లోకి వెళ్ళి, పడిపోయి ఉన్న జబ్బుమనుషుల్ని వెతికి ఆస్పత్రికి తీసుకురావాలి. డబ్బుల్లేని గర్భిణీల్ని ఉచితంగా చేర్చుకోవాలి. పైగా రోగిని "ప్రభువు" అన్నట్టు చూడాలి, సేవ చేసేవాడు కిందివాడు. మా మేట్రన్ గారు రోజూ పొద్దున్న మాకు చెప్పింది ఇదే, మేము ఆవిడేదో సొంతంగా కనిపెట్టిందనుకునేవాళ్ళం.

ఇప్పుడు అసలు మీకు గుచ్చుకునే మాట చెప్తా, కోప్పడకండి. 1208లో ఇన్నొసెంట్ పోపు గారు ఒక కొత్త ఊరేగింపు పెట్టారు. పేతురు గారి బసిలికాలో ఉండే వెరోనికమ్మ గుడ్డ, ప్రభువు ముఖం అచ్చు పడిందని చెప్పే ఆ గుడ్డని, ఏడాదికోసారి జనవరిలో బసిలికా నుంచి ఈ ఆస్పత్రికి మోసుకెళ్ళేవారు. అంటే ప్రభువే లేచి రోగుల దగ్గరికి వస్తున్నట్టు. ఆ రోజు బయటి బీదలు వెయ్యిమందికీ, లోపల ఉన్న మూడొందల మందికీ తలా మూడు కాసులు, ఒకటి రొట్టెకి, ఒకటి ద్రాక్షారసానికి, ఒకటి మాంసానికి. లెక్క కట్టి మరీ పెట్టారు చూడండి, డైట్ షీట్ రాసినట్టు. బసిలికా నుంచి ఆ గుడికి ఐదు నిమిషాల నడక. పోపు గారే కదలి వచ్చిన దారి అది. మనం ఆ దారినే నడిచి, ఆస్పత్రి గురించి ఒక్క మాట మాట్లాడుకోకుండా తిరిగొచ్చాం.

చక్రం గురించి. గుడి నుంచి బోర్గో సాంతో స్పిరితో వీధిలోనే ఆస్పత్రి గోడ వెంట కొంచెం నడిస్తే, గోడకి ఇనప కమ్మీలున్న ఒక చిన్న కిటికీ లాంటిది కనపడుతుంది. ఎవరూ ఆగరు దాని దగ్గర. లోపల కొయ్యతో చేసిన పీపా లాంటిది, నిలువుగా నిలబెట్టి ఉంటుంది, గుండ్రంగా తిరుగుతుంది. బిడ్డని వద్దనుకున్న తల్లి, లేకపోతే గతిలేని తల్లి, రాత్రిపూట వచ్చి అందులో పెట్టి తిప్పి గంట కొట్టి వెళ్ళిపోతే లోపలివాళ్ళు తీసుకునేవాళ్ళు, ఎవరు పెట్టారో ముఖం కనపడదు, ఎవరూ అడగరు. ఆ పిల్లల పాదం మీద ఆస్పత్రి గుర్తు, రెండు అడ్డకొమ్మల సిలువ, పచ్చబొట్టు పొడిచేవాళ్ళు. పాలిచ్చే దాదుల్ని పెట్టేవాళ్ళు. ఆడపిల్లలైతే పెంచి పెద్దచేసి పెళ్ళికి కట్నం కూడా ఆస్పత్రే ఇచ్చేది.

మన దగ్గర కూడా కొన్ని ఆస్పత్రుల్లో ఊయల పెడతారు కదా, అదే పద్ధతి. మాకు ఊయల లేని రోజుల్లో, ఒక నైట్ డ్యూటీలో, తెల్లవారుజామున మూడున్నరకి వరండాలో పిల్లి అరుపు లాంటిది వినపడితే ఆయా వెళ్ళి చూసింది. కూరగాయల సంచి. లోపల పాత లంగా గుడ్డలో చుట్టిన ఆడపిల్ల, బొడ్డు మామూలు దారంతో కట్టేసి ఉంది. కిలో ఎనిమిదొందలు, తూకం నాకింకా గుర్తుంది. బతికింది, ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఆ కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడినప్పుడు నాకు ఆ సంచే గుర్తొచ్చింది, టీచరమ్మ ఏమైందే అంటే ఏం లేదులే అన్నా. ఏ పటం ముందూ రాని ఏడుపు అక్కడొచ్చింది ఫాదర్ గారూ. దివ్య కారుణ్యం అని మనం పాట పాడతాం కదా, అది కొయ్యతో చేసి గోడలో బిగిస్తే ఎలా ఉంటుందో అక్కడుంది.

ఇంక వార్డు. దాన్ని కోర్సియా సిస్టీనా అంటారు, సిస్టీన్ చాపెల్ కట్టించిన నాలుగో సిక్స్తుస్ పోపు గారే దీన్నీ కట్టించారు. చాపెల్ కోసం మనం క్యూలో రెండు గంటలు నిలబడ్డాం, అదే మనిషి కట్టించిన వార్డుకి సున్నా నిమిషాలు. 1471లో పాత ఆస్పత్రి కాలిపోయింది, పోపు గారు వచ్చి చూసి గాలీ వెలుతురూ లేదు, ఇది ఆరోగ్యం బాగుచేసే చోటులా లేదు, ఖైదీల్ని పెట్టే చోటులా ఉంది అని బాధపడ్డారట. 1475 జూబిలీకి, అంటే రోమ్‌కి యాత్రలు వెల్లువెత్తే పుణ్య సంవత్సరానికి, జనం వస్తారని 1473లో మొదలుపెట్టి 1478 కల్లా కొత్తది లేపారు. 120 మీటర్ల పొడుగు, 12 మీటర్ల వెడల్పు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. మా జనరల్ వార్డు ముప్పై పడకలది, ఈ చివర నుంచి ఆ చివరకి బీపీ చూసుకుంటూ వెళ్ళేసరికే నడుం పడిపోయేది, ఇది చూసి నాకు మొదట వచ్చిన ఆలోచన పాపం ఇక్కడ డ్యూటీ చేసినవాళ్ళ కాళ్ళు ఏమై ఉంటాయి అని.

పైకప్పు చెక్కతో, గళ్ళుగళ్ళుగా. కిటికీలు పైన ఎత్తుగా ఉన్నాయి, వాటి మధ్య గోడ పొడుగునా బొమ్మలు, యాభైకి పైగా ఘట్టాలు, ఇన్నొసెంట్ పోపు గారి కల దగ్గర మొదలై సిక్స్తుస్ పోపు గారి జీవితం దాకా. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. పక్కనున్న టీచరమ్మ "ఇంత పైన వేశారేంటి" అంటే నేనన్నా, పడుకుని చూడు తెలుస్తుంది అని. గోడ వెంట మంచం మీద వెల్లకిలా పడుకున్నవాడికి ఎదురుగోడ మీద సరిగ్గా కళ్ళకి ఆనతాయి. అది గీసినవాళ్ళు రోగి మంచం మీద నుంచి ఆలోచించారనే నేననుకుంటున్నా.

వార్డు సరిగ్గా మధ్యలో ఎనిమిది మూలల గోపురం లేస్తుంది, దాని కింద బలిపీఠం. దాని మీద యోబు బొమ్మ, కార్లో మరాత్తా అనే చిత్రకారుడు వేసింది. ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబుని ఆస్పత్రి బలిపీఠం మీద పెట్టినవాడు రోగం అంటే ఏంటో తెలిసినవాడే అయ్యుంటాడు. ఆ పీఠం కట్టడం పల్లాదియో అనే పేరున్న ఆర్కిటెక్టు చేశాడని చెప్తారు, అదే నిజమైతే రోమ్‌లో ఆయన పని అదొక్కటే. ఎటు పక్క మంచం మీద ఉన్నా, లేవలేకపోయినా, అక్కడ పూజ జరుగుతుంటే కనపడుతుంది, గంట వినపడుతుంది. అందుకే అది వార్డా గుడా అంటే రెండూ. మన మిషన్ ఆస్పత్రుల్లో చాపెల్ ఒక మూల ఉంటుంది, నడవగలిగినవాళ్ళు వెళ్తారు. ఇక్కడ చాపెల్ చుట్టూ ఆస్పత్రి కట్టారు.

గుడి మీద కూడా రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు మనం చూసే గుడి పాతది కాదు. 1527 మే 6న అయిదో చార్లెస్ చక్రవర్తి సైన్యం, జీతాలు లేక ఆకలితో పిచ్చెక్కిన సైన్యం, రోమ్ మీద పడింది, పొగమంచులో గోడ దూకి లోపలికొచ్చింది సరిగ్గా ఈ చుట్టుపక్కలే. ఆస్పత్రిలో దూరి మంచాల మీద ఉన్న రోగుల్ని చంపారు, కొంతమందిని టైబర్‌లో పారేశారు. ఏ నదిలోంచి పసిబిడ్డల్ని కాపాడాలని ఆ ఆస్పత్రి పెట్టారో ఆ నదిలోనే. గుడి కూడా పాడైపోయింది. అప్పుడు మూడో పౌలు పోపు గారి కాలంలో, చిన్న ఆంతోనియో ద సంగాల్లో అనే ఆర్కిటెక్టు 1538 నుంచి 1545 మధ్య మళ్ళీ కట్టాడు. ఈ సంగాల్లో పేతురు గారి బసిలికా పని కూడా చూసినవాడు. ఎదుటి గోడ మాత్రం తర్వాత 1580ల్లో, అయిదో సిక్స్తుస్ పోపు గారి టైంలో, మస్కెరీనో పూర్తి చేశాడు, రెండు అంతస్తులు, పైన గుండ్రటి కిటికీ, ఆ పోపు గారి ముద్ర.

లోపల ఒకే హాలు, పక్క నడవల్లేవు, అటు అయిదు ఇటు అయిదు చిన్న చాపెళ్ళు, చివర అర్ధచంద్రం లాగా గోడ. ఆ గోడ నిండా యాకొపో జుక్కి వేసిన పవిత్రాత్మ దిగివచ్చే బొమ్మ. పెంతెకోస్తు పండుగ రోజు మన ఫాదర్లు ఎన్ని ప్రసంగాలు చెప్పారు, ఆ బొమ్మ ముందు నిలబెట్టి ఒక్క నిమిషం చెప్తే జన్మలో మర్చిపోము. మేము మాత్రం అందరం పక్క చాపెల్లో దివ్య కారుణ్య పటం దగ్గర తోసుకుంటున్నాం. తలెత్తి చూస్తే బంగారు రంగు గళ్ళ చెక్క కప్పు, అదీ చూడలా మొదటిసారి వెళ్ళినప్పుడు. బయటికొచ్చి చూస్తే ఇటుకలతో కట్టిన గంట గోపురం, వార్డు కట్టించిన నాలుగో సిక్స్తుస్ నాటిది, జంట కిటికీలు వరసలు వరసలుగా, 1527ని కూడా తట్టుకుని నిలబడింది. నన్నడిగితే రోమ్‌లో పెద్దపెద్ద గోపురాలకంటే అదే బాగుంది, ఆస్పత్రి గంట లాగా అణకువగా.

ఇంకో సంగతి, కొంతమంది గైడ్లు మైకేలాంజెలో ఇక్కడే శవాలు కోసి చూశాడని చెప్పేస్తున్నారు. అది ఫ్లోరెన్సులో సాంతో స్పిరితో అండీ, పేరు ఒకటే, ఊరు వేరు. మనవాళ్ళు దాన్ని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, కాస్త ఆపండి.

పక్కనే ఆస్పత్రి పెద్దాధికారి ఉండే భవనం, దాని లోపలి వరండాలో ఒక గడియారం చూసి నవ్వుకున్నా. దానికి పన్నెండు అంకెల్లేవు, ఆరే. ముల్లు కూడా ఒకటే, బల్లి లాంటి ఆకారం. రోజుకి నాలుగు చుట్లు తిరుగుతుంది, పాతకాలం ఇటలీ లెక్క అది. మా పన్నెండు గంటల షిఫ్టులకి ఇలాంటి గడియారం పెట్టి ఉంటే సగం అయిపోయిందని మనసుకి హాయిగా ఉండేది.

మనకీ దీనికీ ఏంటి సంబంధం అంటారేమో. చెప్తా. లాంచీసి అని పోపు గారి డాక్టరు ఒకాయన ఉండేవాడు, ఈ ఆస్పత్రిలోనే పనిచేశాడు, 1711లో తన పుస్తకాలన్నీ ఇచ్చి ఇక్కడ లైబ్రరీ పెట్టాడు, ఇంకా ఉంది. వార్డులో సగానికి ఇప్పుడు ఆయన పేరే. 1717లో ఆయన బురద నేలలకీ మలేరియా జ్వరానికీ లింకు ఉందని, దోమలు కూడా కారణం కావొచ్చని రాశాడు. మలేరియా అన్న మాటే ఇటలీది, చెడ్డ గాలి అని అర్థం. ఆ తర్వాత నూటఎనభై ఏళ్ళకి, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అనే ఇంగ్లీషు డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన మరుసటేడు కలకత్తాలో పిట్టల మలేరియా దోమల వల్లే వస్తుందని తేల్చాడు. మరి మనిషికి? అది 1898 నవంబరులో ఇదిగో ఈ సాంతో స్పిరితో ఆస్పత్రిలోనే తేలింది. గ్రాస్సి, బిన్యామి, బస్తియనెల్లి అనే ముగ్గురు డాక్టర్లు, ఎన్నేళ్ళనుంచో అక్కడే ఉంటున్న ఒక పేషెంటు ఒప్పుకుంటే, దోమలున్న గదిలో పడుకోబెట్టారు. ఆయనకి మలేరియా వచ్చింది, క్వినైన్ ఇచ్చి బాగుచేశారు. ఆ గొప్పతనం నాదంటే నాదని తర్వాత రాస్‌కీ గ్రాస్సికీ పెద్ద గొడవ, 1902లో నోబెల్ మాత్రం రాస్‌కే వచ్చింది. నాకు ఆ ఇద్దరికంటే ఆ పేషెంటే ఎక్కువ. బేగంపేటలో రాస్ పనిచేసిన ఇల్లు ఇంకా ఉంది, హైదరాబాద్ వాళ్ళలో ఎంతమంది చూశారో మరి.

ఇంకోటి, ఇది గుంటూరు వాళ్ళకి. ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లౌరీ అనే డాక్టరమ్మ, ఇండియాలో తల్లులూ బిడ్డలూ డాక్టరు లేక చచ్చిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి, 1920లో గుంటూరు వచ్చి జేఎంజే, అంటే యేసు మరియ యోసేపుల సభ, సిస్టర్లలో చేరింది. ఆ రోజుల్లో సిస్టర్లు డాక్టరీ చెయ్యడానికి చర్చి చట్టం ఒప్పుకునేది కాదు, అందుకని ఆవిడ కోసం రోమ్ నుంచి పోపు గారి ప్రత్యేక అనుమతి రావాల్సి వచ్చింది. సిస్టర్లందరికీ ఆ తలుపు 1936లో గానీ తెరుచుకోలేదు. 1943లో దేశంలో కతోలిక ఆస్పత్రుల్ని కలిపి సంఘం పెట్టింది కూడా ఆవిడే, ఇప్పుడది సికింద్రాబాద్‌లో ఉంది. గర్భిణీల్ని చేర్చుకోమని ఎనిమిది వందల ఏళ్ళ కింద రూల్ రాసుకున్న ఊరే, ఒక సిస్టరు కాన్పు చెయ్యొచ్చా అని ఇన్నేళ్ళు ఆలోచించింది. అదీ చెప్పాలి కదా యాత్రికులకి, అన్నీ పొగడ్తలేనా.

2020 ఏప్రిల్ 19, కరోనా లాక్‌డౌన్‌లో దివ్య కారుణ్య ఆదివారం ఫ్రాన్సిస్ పోపు గారు పూజ చేసింది ఈ గుడిలోనే, దాదాపు ఖాళీ గుడిలో. అప్పుడు నేను కోవిడ్ వార్డులో డ్యూటీ, ఫోన్లో చూస్తూ పీపీఈ కిట్ వేసుకుంటున్నా. వైరస్ కంటే నాకెందుకులే అనే స్వార్థం పెద్ద జబ్బు అన్న అర్థంలో మాట్లాడారు ఆ రోజు. మరుసటేడు మళ్ళీ అక్కడే చేశారు, ఖైదీల్నీ నర్సుల్నీ శరణార్థుల్నీ పిలిపించి. అన్ని గుళ్ళుండగా ఆస్పత్రి గుడినే ఎంచుకున్నారని నాకప్పుడు తెలీదు, తెలిసుంటే ఆ ఫోన్ ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని.

సరే, అడిగేది చెప్తా. ఇరవై నిమిషాలు కాదు, గుడికీ చక్రానికీ కలిపి ఒక గంట ఇవ్వండి. వార్డు చూడ్డానికి గ్రూపు మొత్తానికి ముందే బుక్ చేయండి, ఇష్టమున్నవాళ్ళు వస్తారు, మిగతావాళ్ళు షాపుకి వెళ్తారు, ఎవర్నీ బలవంతపెట్టొద్దు. ప్రతి బ్యాచ్‌లో నర్సులో ఆయాలో కాంపౌండర్లో ఎవరో ఒకరు ఉంటారు, అక్కడ పూజ దొరికితే విన్నపాలు వాళ్ళ చేత చదివించండి. గైడు ఇంగ్లీషులో చెప్పేది మాలో సగంమందికి ఎక్కదు, ఫాదర్ గారు బస్సులోనే మైకు పట్టుకుని తెలుగులో పది నిమిషాలు చెప్తే చాలు. చెప్పడానికి ఏమీ లేదని మాత్రం అనొద్దు, పైన ఇంత రాశా.

దీన్నే చిన్నది చేసి, అక్షరాలు పెద్దవిగా పెట్టి, రెండు పేజీల కాగితం తయారుచేస్తున్నా, టీచరమ్మ తప్పులు దిద్దుతోంది, ప్రింటు ఖర్చు మాదే. వచ్చే బ్యాచ్ ఎప్పుడో చెప్తే మనిషికొకటి చొప్పున పంపిస్తాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఒక మాట, గుడికి మెట్లున్నాయి, చక్రం మాత్రం రోడ్డు మీదే ఉంది, ఎక్కాల్సిన పనిలేదు, ముందు అక్కడికే తీసుకెళ్ళండి.